సెకండ్ అప్పీలులో ఓడిపోయాం, సుప్రీంకోర్టుకి ఎలా వెళ్లాలి? (అమ్మ జీడితోట కేసు)

పలాస_తోటవాడు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, పలాసకి దగ్గర్లో ఒక పల్లెటూరు. కేసు మా అమ్మది. ఆవిడకి 71 ఏళ్లు. కోర్టు కాగితాలన్నీ నేనే చూస్తున్నాను కాబట్టి నేనే రాస్తున్నాను.

1988లో మా తాతగారు, అంటే అమ్మ వాళ్ల నాన్నగారు, ఎకరా నలభై సెంట్ల జీడితోట అమ్మకి పసుపు కుంకుమ కింద రాసిచ్చారు. నోటి మాటగా ఇచ్చింది కాదు, రిజిస్టరైన దాన సెటిల్‌మెంటు దస్తావేజు ఉంది. అప్పటి నుంచి పిక్కలు ఏరుకునేది మేమే, శిస్తు కట్టేది మేమే. తాతగారు పోయాక మేనమామ కొడుకులు, నాకు సొంత బావలు, తోట తమదంటూ గట్టు దాటి వచ్చారు. అమ్మ సోంపేట కోర్టులో హక్కు డిక్లరేషన్‌కీ, వాళ్లు తోటలోకి రాకుండా ఇంజంక్షన్‌కీ దావా వేసింది. గెలిచాం. వాళ్లు శ్రీకాకుళం జిల్లా కోర్టుకి అప్పీలు వెళ్లారు. అక్కడా గెలిచాం. 2012లో హైకోర్టులో సెకండ్ అప్పీలు వేశారు. అప్పుడు హైకోర్టు హైదరాబాదులో ఉండేది, 2019లో అమరావతికి వచ్చాక మా ఫైలూ అక్కడికి వచ్చింది. ఈ జూన్ 18న తీర్పు చెప్పారు. కింది రెండు తీర్పులూ రద్దు చేసి, అమ్మ దావా డిస్మిస్ చేశారు.

నాకు అర్థమైనంతలో కారణం ఇది: దస్తావేజు మీద సాక్షి సంతకాలు చేసిన ఇద్దరిలో ఒక్కరినైనా కోర్టులో విచారించలేదు, కాబట్టి దానం రుజువు కాలేదు అని. ఆ ఇద్దరూ దావా వేసేనాటికే చనిపోయారు. దస్తావేజు రాసిన లేఖరి గారు మాత్రం వచ్చి సాక్ష్యం చెప్పారు.

అమ్మ ఆ రోజు నుంచి సరిగ్గా తినడం లేదు. "మా నాన్న నాకు ఇచ్చింది అబద్ధమా" అని ఒకటే మాట. నాకు తెలియాల్సినవి ఇవి. సుప్రీంకోర్టుకి వెళ్లడానికి ఎన్ని రోజుల గడువు? మా తోట విలువకి సుప్రీంకోర్టు కేసు తీసుకోదని ఊళ్లో ఒకాయన అంటున్నారు, నిజమేనా? ప్రతి వాయిదాకి ఢిల్లీ వెళ్లాలా? ఈలోగా వాళ్లు తోటలోకి దిగితే ఆపే దారి ఉందా? ఖర్చు సంగతి కూడా ఎవరైనా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

లా_చదువుతున్నా_విజయనగరం:

అన్నయ్యా, నేను ఎల్‌ఎల్‌బీ మూడో సంవత్సరం. రాజ్యాంగంలో 133వ అధికరణం ప్రకారం సివిల్ కేసుల్లో హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకి అప్పీలు ఉంది. దానికి 134-ఎ కింద హైకోర్టే సర్టిఫికెట్ ఇవ్వాలి. కేసులో అందరికీ వర్తించే ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉందనీ, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలనీ హైకోర్టు అనుకోవాలి. తీర్పు చెప్పిన వెంటనే నోటిమాటగా అడగాలని మాకు క్లాసులో చెప్పారు. మీ లాయరు గారు అడిగారా?

ఆమదాలవలస_రైతు:

తమ్ముడూ, బాధ అర్థమైంది. కానీ ఒక మాట. ఎకరా నలభై సెంట్లకి ఢిల్లీ దాకా వెళితే ఎంత మిగులుతుంది? వాళ్లు పరాయి వాళ్లు కాదు, బావలు. పెద్దల్ని కూర్చోబెట్టి సగం సగం చేసుకోండి. రాజీ కాగితాన్ని లోక్ అదాలత్‌లో పెట్టించుకుంటే అదే డిక్రీ అవుతుంది, మళ్లీ అప్పీలు ఉండదు. గెలిచినా ఓడినా పెళ్లిళ్లకీ కర్మలకీ మొహాలు చూసుకోవాల్సిన వాళ్లే.

కోర్టువీధి_గుమస్తా:

బాబూ, నేను విజయనగరంలో ఒక సివిల్ లాయరు గారి దగ్గర చాలా ఏళ్లుగా గుమస్తాని. ఢిల్లీ వెళ్లాల్సిన కట్టలు మా బల్ల మీదే తయారవుతాయి. ఆఖరి సలహా లాయరు గారి నోటే వినండి. కాగితం ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ తేదీ జారిపోతుందో మాత్రం నేను చెప్పగలను.

ముందు మన అమ్మాయి చెప్పిన 133 సంగతి. అమ్మా, నువ్వు చెప్పిన దారి ఉంది. అదే అధికరణంలో మూడో క్లాజు కూడా చదువు. హైకోర్టులో ఒక్క జడ్జి ఇచ్చిన తీర్పు మీద 133 కింద అప్పీలు లేదు. సెకండ్ అప్పీలు వినేది మామూలుగా ఒక్క జడ్జి గారే. పోనీ అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచికి వెళదామంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 100-ఎ సెక్షన్ 2002 జులై నుంచి ఆ తలుపు మూసేసింది. కాబట్టి ఈ తల్లికి మిగిలింది 136వ అధికరణం ఒక్కటే. స్పెషల్ లీవ్ పిటిషన్. మేమందరం ఎస్సెల్పీ అంటాం.

విలువ గురించి ఊళ్లో పెద్దాయన చెప్పింది ఒకప్పటి మాట. 133 కింద వెళ్లాలంటే 20 వేల రూపాయల విలువ ఉండాలని ఉండేది. 30వ రాజ్యాంగ సవరణతో 1973 ఫిబ్రవరి 27 నుంచి దాన్ని తీసేశారు. 136కి అసలు మొదటి నుంచీ విలువ లెక్క లేదు. పది సెంట్ల కేసయినా వెళ్లొచ్చు.

ఇక అసలు విషయం. పార్టీలు దీన్ని మూడో అప్పీలు అనుకుంటారు. ఎస్సెల్పీలో మనం అడిగేది అప్పీలు చేసుకోవడానికి అనుమతి. ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ల విచక్షణ. మొదటి రోజు జడ్జీలు మీ కేసుకి ఇచ్చే సమయం కొద్ది నిమిషాలు. ఆ కాసేపట్లో "తోట మాదే, ముప్పై ఏళ్లుగా మేమే దున్నుకుంటున్నాం" అంటే ముందుకు వెళ్లదు. సాక్షుల్లో ఎవరు నిజం చెప్పారన్న చర్చ అక్కడ నడవదు. హైకోర్టు తీర్పులో చట్టం ఎక్కడ పక్కకి పోయిందో వేలు పెట్టి చూపించాలి. అది దొరికితేనే ఢిల్లీ వెళ్లండి. దొరక్కపోతే ఆమదాలవలస రైతుగారు చెప్పిందే మంచి దారి.

అందుకని తీర్పు కాపీ ముందేసుకుని రెండు చూడండి.

సెకండ్ అప్పీలుని హైకోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద వింటుంది. ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే వినాలి, ఆ ప్రశ్న ఏమిటో రాసుకుని దాని మీదే వినాలి. ఈ కట్టుబాటు 1976 సవరణతో వచ్చింది. తీర్పులో ఆ ప్రశ్న ఎక్కడో విడిగా రాసి ఉంటుంది. ఉందా? ఉంటే ఏమని ఉంది? ప్రశ్నే రాయకుండా కింది తీర్పులు మార్చిన సందర్భాల్లో సుప్రీంకోర్టు ఆ తీర్పులు పక్కన పెట్టి, మళ్లీ వినమని వెనక్కి పంపడం ఉంది.

రెండోది మీ దాన దస్తావేజు. ఎవిడెన్స్ యాక్ట్ 68వ సెక్షన్ ప్రకారం సాక్షి సంతకాలు ఉండి తీరాల్సిన కాగితాన్ని, సాక్షి బతికి ఉంటే కనీసం ఒక్కరినైనా పిలిచి రుజువు చేయాలి. దాన దస్తావేజు అలాంటిదే. అయితే ఆ సెక్షన్‌కే ఒక మినహాయింపు ఉంది. వీలునామా కాకుండా వేరే రిజిస్టరు కాగితమైతే, రాసిచ్చినాయన దాన్ని రాయలేదని అవతలి వాళ్లు స్పష్టంగా కాదంటే తప్ప సాక్షిని పిలవక్కర్లేదు. సాక్షులిద్దరూ పోయారంటున్నారు కాబట్టి 69వ సెక్షన్ కూడా ఉంది. అప్పుడు సాక్షుల్లో ఒకరి చేవ్రాలూ, రాసిచ్చినాయన సంతకమూ గుర్తు పట్టి చెప్పేవాళ్లు ఉంటే సరిపోతుంది. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది కానీ, మీ కేసులో సాక్ష్యాలు ఎప్పుడో పాత చట్టం కింద అయిపోయాయి.

కాబట్టి మీ బావలు వేసిన జవాబు దావా తీయండి. దస్తావేజు గురించి అందులో ఏం రాశారు? "మా తాత అసలు రాయలేదు, ఇది దొంగ దస్తావేజు" అన్నారా? లేక "మాకు తెలియదు" అన్నారా? ఆ పేరాలో ఏముందో చెప్పండి, పేర్లు వద్దు. అలాగే హైకోర్టు సర్టిఫైడ్ కాపీ ఆఖరి పేజీ వెనకాల ఒక స్టాంపు ఉంటుంది, అందులో నాలుగైదు తేదీలు ఉంటాయి. అవీ చెప్పండి. గడువు లెక్క వాటి మీదే ఉంది.

పలాస_తోటవాడు:

గుమస్తా గారూ, మీరు చెప్పినట్టే కట్ట మొత్తం విప్పి చూశాను.

తీర్పులో ప్రశ్న ఉందండి. సాక్షుల్ని ఎవరినీ విచారించకుండా దాన దస్తావేజు రుజువైందని కింది కోర్టులు అనుకోవడం చట్టబద్ధమేనా అన్నట్టు ఉంది. జవాబు 'కాదు' అని వచ్చింది. మీరు చెప్పిన మినహాయింపు గురించి ఒక్క వాక్యం కూడా నాకు కనపడలేదు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, నేను రెండుసార్లు చదివాను.

జవాబు దావాలో ఏడో పేరా. దస్తావేజు సంగతి తమకు తెలియదనీ, వాది దాన్ని రుజువు చేసుకోవాలనీ రాశారు. దొంగదని ఎక్కడా లేదు. లేఖరి గారి వాంగ్మూలంలో, తాతగారు తన ఎదురుగానే సంతకం చేశారనీ, సాక్షులిద్దరూ తనకి తెలిసినవాళ్లేననీ, వాళ్ల సంతకాలు గుర్తుపట్టగలననీ ఉంది.

కాపీ వెనక స్టాంపులో తేదీలు: దరఖాస్తు జులై 2, చార్జీలు అడిగింది జులై 8, చార్జీలు కట్టింది జులై 15, కాపీ సిద్ధమైంది జులై 22. మేం కాపీ తీసుకున్నది ఆగస్టు మొదటి వారంలో.

రైతు అన్నయ్యా, రాజీకి అమ్మ ఒప్పుకుంది. మేమే వెళ్లి అడిగాం. హైకోర్టులో గెలిచాక ఇంకేం రాజీ అన్నారు.

కోర్టువీధి_గుమస్తా:

బాబూ, ఏడో పేరా చదివాక నాకు ధైర్యం వచ్చింది. 'తెలియదు, రుజువు చేసుకో' అనడం స్పష్టంగా కాదనడం కిందకి రాదని మీ లాయరు గారు గట్టిగా వాదించొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డర్‌లోనే ఉంది, దావాలో చెప్పినదాన్ని ప్రతివాది ఒక్కొక్కటిగా, సూటిగా కాదనాలి, తప్పించుకునే జవాబు పనికిరాదు అని. హైకోర్టు ఆ మినహాయింపుని చూడకపోతే అదే మీ ఎస్సెల్పీకి మొదటి గ్రౌండు. లేఖరి గారి వాంగ్మూలంతో 69వ సెక్షన్ రెండో గ్రౌండు. అవతలి లాయరు ఊరుకోడు, 'తెలియదు' అనడం కూడా కాదన్నట్టే అంటాడు. అయినా వినిపించడానికి మీ దగ్గర మాట ఉంది.

గడువు లెక్క చూద్దాం. హైకోర్టు తీర్పు మీద ఎస్సెల్పీకి 90 రోజులు. తీర్పు రోజు వదిలేసి లెక్కపెడితే జూన్ 18 తీర్పుకి సెప్టెంబరు 16తో 90 నిండుతాయి. కాపీ కోసం పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు, లిమిటేషన్ యాక్ట్ 12వ సెక్షన్. మీ స్టాంపులో జులై 2 నుంచి 22 వరకు 21 రోజులు కనిపిస్తున్నాయి, చాలామంది అంతా కలిపేసుకుంటారు. నేనైతే కలపను. చార్జీలు 8న అడిగితే 15న కట్టారు. ఆ మధ్య రోజులు ఆఫీసు ఆలస్యం కాదు, మన వైపు ఆలస్యం. అవి మినహాయింపులోకి రావని అవతలి వాళ్లు అంటే సమాధానం కష్టం. 2 నుంచి 8 వరకు ఏడు, 15 నుంచి 22 వరకు ఎనిమిది, మొత్తం 15 రోజులు. అంటే అక్టోబరు 1. కాపీ 22న సిద్ధమయ్యాక మీరు తీసుకోవడానికి పట్టిన రోజులు అసలే లెక్కలోకి రావు.

అయినా నా మాట విని ఈ 15 రోజులు మర్చిపోండి. సెప్టెంబరు 16 అనుకునే పని చేయండి. గడువు దాటితే లిమిటేషన్ యాక్ట్ 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని పిటిషన్ వేయొచ్చు, నిజమే. ఇదివరకు దాని మీద కొంచెం మెత్తగా ఉండేవారు. 2024 ఏప్రిల్‌లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన భూసేకరణ కేసులోనే 5,659 రోజుల ఆలస్యాన్ని మన్నించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మీది అంత ఆలస్యం కాదు కానీ, మంచి గ్రౌండు చేతిలో ఉన్నవాడు ఆలస్యం గురించి సంజాయిషీ చెప్పుకుంటూ మొదలుపెట్టకూడదు.

ఢిల్లీ ప్రయాణాల గురించి అడిగారు. ఇదివరకు మా పార్టీలు సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజాముద్దీన్‌లో దిగి, వాయిదా పడితే మళ్లీ అదే బండిలో వెనక్కి వచ్చేవారు. ఇప్పుడా అవసరం లేదు. సుప్రీంకోర్టులో కేసు దాఖలు చేసేది అడ్వొకేట్ ఆన్ రికార్డ్. నాలుగేళ్ల ప్రాక్టీసు తర్వాత ఒక ఏడాది శిక్షణ తీసుకుని, సుప్రీంకోర్టు పెట్టే పరీక్ష పాసై, కోర్టుకి 16 కిలోమీటర్ల లోపు ఆఫీసు ఉన్నవాళ్లు వీళ్లు. శ్రీకాకుళం లాయరైనా అమరావతి లాయరైనా వీళ్ల ద్వారానే వెళ్లాలి. వీళ్ల జాబితా సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎవరో మధ్యవర్తి "నేను చూసుకుంటాను" అంటే డబ్బు ఇవ్వకండి. జాబితాలో పేరు చూసుకుని, ఆయనతో నేరుగా ఫోన్లో మాట్లాడి, ఫీజు ఎంతో, అందులో టైపింగు, ట్రాన్స్‌లేషన్ ఖర్చులు కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. అమ్మగారు వకాల్తా మీద ఇక్కడే సంతకం పెట్టి, అఫిడవిట్ నోటరీ దగ్గర ప్రమాణం చేసి పంపితే చాలు. ఫైలింగు ఆన్‌లైన్లో అవుతుంది, విచారణ వీడియోలో చూడొచ్చు.

తోట సంగతి జాగ్రత్తగా వినండి. అందరూ "స్టే తెచ్చుకోండి" అంటారు. మీ కేసులో స్టే చేయడానికి అమలయ్యే డిక్రీ ఏదీ లేదు. మీ దావా డిస్మిస్ అయింది, దాంతో మీకున్న ఇంజంక్షన్ పోయింది, అంతే. అందుకని ఎస్సెల్పీతో పాటు వేసే పిటిషన్‌లో స్వాధీనం విషయంలో ఉన్నది ఉన్నట్టు ఉంచమనీ, తోటని ఎవరికీ అమ్మకుండా చూడమనీ అడగాలి. స్టే మాత్రమే అడిగిన కాగితం పట్టుకుని ఊరికి వస్తే పోలీసు స్టేషన్లో పనికిరాదు. స్వాధీనం మీదేనని చూపడానికి శిస్తు రసీదులు, అడంగల్ నకళ్లు కోర్టు రికార్డులో ఎగ్జిబిట్లుగా ఉన్నాయి కదా, వాటి నంబర్లు లాయరు గారికి ఇవ్వండి. కింది కోర్టుల్లో లేని కొత్త కాగితాలు ఎస్సెల్పీలో పెట్టాలంటే విడిగా అనుమతి అడగాలి.

ఇంకొకటి. హైకోర్టులో గెలిచినవాళ్లు సుప్రీంకోర్టులో కేవియట్, అంటే తమ మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని ముందే పెట్టే అర్జీ, వేసి కూర్చునే అవకాశం ఎక్కువ. వేస్తే భయపడక్కర్లేదు, మొదటి రోజే వాళ్ల లాయరు కూడా ఉంటాడు, ముందుగా వాళ్లకి కాపీ ఇవ్వాలి. ఆ ఏర్పాటు ఉంచుకోమనండి.

నరసన్నపేట_అంగన్‌వాడీ:

తమ్ముడూ, ఖర్చు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మాదీ భూమి కేసే, నేను కూడా ఇదే దారిలో వెళ్లాను.

లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం అని 1987లో వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మీ అమ్మగారు ఆడమనిషి, ఆవిడ పేరు మీదే కేసు. అదొక్కటి చాలు. ఎస్సీ, ఎస్టీలకీ, వికలాంగులకీ కూడా ఆదాయం చూడరు. మిగతావాళ్లకి సుప్రీంకోర్టు కేసులకైతే ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉండాలి. సుప్రీంకోర్టుకి విడిగా లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంది, అడ్వొకేట్ ఆన్ రికార్డ్‌ని వాళ్లే కేటాయిస్తారు.

నేను శ్రీకాకుళం కోర్టు ఆవరణలోనే ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ ఫారం నింపడానికి సాయం చేశారు. మూడు కోర్టుల తీర్పులూ, దావా, జవాబు దావా, వాంగ్మూలాలు అన్నీ జిరాక్స్ తీసి ఇచ్చాను. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఫారం ఇచ్చేశాం కదా అని ఇంట్లో కూర్చోకండి. కేసులో పస ఉందా లేదా అని అక్కడ చూస్తారు, దానికి రోజులు పడతాయి, గడువు మాత్రం ఆగదు. దరఖాస్తు పైనే గడువు తేదీ ఎర్ర సిరాతో రాయమని మా ఆఫీసు మేడమ్ చెప్పారు, నేను అలాగే రాశాను.

ఉచితం అంటే పట్టించుకోరేమో అని భయపడ్డాను. నాకు వచ్చిన లాయరమ్మ ఫోన్ చేస్తే ఎత్తేది. తెలుగు రాదు, నాకు హిందీ రాదు, మా అబ్బాయి మధ్యలో మాట్లాడేవాడు. మా కేసులో నోటీసు ఇచ్చారు, అవతలి వాళ్లు కౌంటరు వేశారు, ఇంకా నడుస్తోంది.

మీ అమ్మగారితో ఒక మాట చెప్పండి. హైకోర్టు వాళ్ల నాన్నగారు ఇవ్వలేదని అనలేదు. రుజువు చేసిన పద్ధతి చాలలేదంది. నాకూ ఈ తేడా ఎవరో చెప్పాకే నిద్ర పట్టింది.

లా_చదువుతున్నా_విజయనగరం:

గుమస్తా గారూ, 133(3) చెప్పినందుకు థాంక్సండి, పుస్తకంలో చూసుకున్నాను. ఒక అనుమానం. ఎస్సెల్పీ మొదటి రోజే డిస్మిస్ అయితే ఇక ఏమీ ఉండదా?

కోర్టువీధి_గుమస్తా:

ఉంటుందమ్మా, కానీ సన్నటి దారి. కారణం రాయకుండా 'డిస్మిస్డ్' అని ఒక్క మాటతో కొట్టేస్తే, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని ఒప్పుకున్నట్టు కాదు, వినడానికి అనుమతి ఇవ్వలేదు, అంతే. కున్హాయమ్మద్ కేసులో 2000లో ఇది చెప్పారు, 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మళ్లీ చెప్పారు. అందుకని హైకోర్టులోనే రివ్యూ, అంటే ఇచ్చిన తీర్పునే మళ్లీ చూడమనే పిటిషన్, వేసుకునే వీలు మిగులుతుంది. తీర్పులో కంటికి కనిపించే పొరపాటు ఉంటేనే అది నిలుస్తుంది. సుప్రీంకోర్టులో రివ్యూ 30 రోజుల్లో వేయాలి, మామూలుగా జడ్జీలు ఛాంబర్లోనే కాగితాలు చూసి తేలుస్తారు. ఆ తర్వాత క్యూరేటివ్ పిటిషన్ ఒకటి ఉంది, 2002లో రూపా అశోక్ హుర్రా కేసుతో వచ్చింది. మామూలు భూమి కేసుల్లో దాని మీద ఆశ పెట్టుకోమని నేను ఏ పార్టీకీ చెప్పను.

లీవ్, అంటే అప్పీలుకి అనుమతి, ఇస్తే మాత్రం అదే ఎస్సెల్పీ సివిల్ అప్పీలుగా నంబరు మారుతుంది. అప్పుడు పూర్తిగా వింటారు.

అంగన్‌వాడీ అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బాబూ, ముందు అక్కడికే వెళ్లు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఈ హక్కు సంగతి తెలియక గాజులు తాకట్టు పెట్టి ఫీజులు కట్టారు. అది చూడలేక నేను ప్రతి ఒక్కరికీ ముందు ఇదే చెబుతాను.

పలాస_తోటవాడు:

అందరికీ చాలా చాలా థాంక్సండి. అంగన్‌వాడీ అక్క రాసింది అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. సోమవారం అమ్మని తీసుకుని శ్రీకాకుళం లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి వెళుతున్నాం. దరఖాస్తు మీద సెప్టెంబరు 16 అని రాస్తాను.

గుమస్తా గారూ, ఆఖరిగా రెండు అడుగుతాను. దస్తావేజు, జవాబు దావా, వాంగ్మూలాలు తెలుగులో ఉన్నాయి, అలాగే పంపొచ్చా? దస్తావేజు చేతిరాత, నా దగ్గరున్న జిరాక్స్‌లో తాతగారి సంతకం దగ్గర బాగా మసకగా ఉంది.

కోర్టువీధి_గుమస్తా:

తెలుగు కాగితం ఒక్కటి కూడా అలాగే వెళ్లదు, ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. అధికారిక అనువాదం తేవడానికి టైము చాలదు కాబట్టి, మామూలుగా లాయరు చేయించిన అనువాదం పెట్టి, మినహాయింపు ఇవ్వమని ఒక చిన్న పిటిషన్ వేస్తారు. లీగల్ సర్వీసెస్ వాళ్లని అనువాదం సంగతి మొదటి రోజే అడుగు. అనువాదం వచ్చాక హద్దులు నువ్వే సరిచూడు. దస్తావేజులో తూర్పున ఎవరి గట్టు, దక్షిణాన ఏ కాలువ అని ఉందో దావా షెడ్యూల్లోనూ అదే ఉండాలి, సర్వే నంబరు, సబ్ డివిజన్ అంకెతో సహా. ఢిల్లీలో టైపు చేసేవాడికి మన ఊరి పేర్లు తెలియవు, మా కట్టల్లో ఒకసారి ఉత్తరం హద్దు మొత్తం ఎగిరిపోయింది, ఫైలింగుకి ముందు చూసుకున్నాం కాబట్టి సరిపోయింది.

మసక పేజీ పెడితే రిజిస్ట్రీ వాళ్లు ఆబ్జెక్షన్ రాసి వెనక్కి ఇస్తారు. సరిచేసి మళ్లీ వేయడానికి 28 రోజులు ఇస్తారు కానీ, మీ తోట మీద ఆర్డరు అంతవరకు ఆగిపోతుంది. కాబట్టి జిరాక్స్ మీద జిరాక్స్ తీయొద్దు. అసలు దస్తావేజు కోర్టు రికార్డులో ఎగ్జిబిట్‌గా ఉంటుంది, దాని సర్టిఫైడ్ కాపీకి రేపే సోంపేటలో దరఖాస్తు పెట్టు. రికార్డు హైకోర్టుకి వెళ్లి ఇంకా రాలేదంటే అమరావతిలో అడగాలి, ఆ మాట కూడా అక్కడే కనుక్కో. ఆ కాపీ చూసి టైపు చేయించి, చేతిరాత కాపీ పక్కనే టైపు కాపీ పెట్టండి. ఈసారి చార్జీలు అడిగిన రోజే కట్టేయి బాబూ.